మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు పథ్యం: సూరత్ వంటింట్లో ఏది ఉంచుకోవాలి, ఏది మానుకోవాలి

‘సూరత్‌లో భోజనం, కాశీలో మరణం’ అని గుజరాతీలో ఒక నానుడి ఉంది. తిండికి అంత పేరున్న ఊరు సూరత్. మరమగ్గాలకూ అంతే పేరు. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్ ప్రాంతాల నుంచి దశాబ్దాల క్రితమే వలస వెళ్లిన నేత కుటుంబాలు లింబాయత్, ఉధ్నా వంటి పేటల్లో స్థిరపడ్డాయి. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోందంటే మనవాళ్ల సంఖ్య ఎంతో ఊహించవచ్చు.

అలాంటి ఒక ఇంట్లో ముప్పై ఏళ్ల మనిషికి ఉన్నట్టుండి ఒక కంటి చూపు మసకబారిందనుకుందాం. కన్ను కదిపితే నొప్పి. నెల తిరిగేసరికి చూపు దానంతటదే బాగుపడింది. ఏడాది తర్వాత నడుము నుంచి కింది భాగం తిమ్మిరెక్కింది, మగ్గం దగ్గర నిలబడలేని నీరసం వచ్చింది. ఎంఆర్ఐ తీసి చూసిన డాక్టరు ‘మల్టిపుల్ స్క్లెరోసిస్’ అని చెప్పారు. ఇంటికి వచ్చేలోపే సలహాలు మొదలవుతాయి. గోధుమ మానెయ్యమని ఒకరు, పాలు మానెయ్యమని ఇంకొకరు అంటారు. తిప్పతీగ రసం, పసుపు గుళికలు, ఉపవాసం, ఎండలో కూర్చోవడం ఇలా జాబితా పెరుగుతుంది. వీటిలో కొన్నింటికి శాస్త్రీయ ఆధారం కొంత ఉంది. కొన్ని నిరపాయకరం. కొన్ని మాత్రం ఈ జబ్బులో నేరుగా హాని చేస్తాయి. ఏది ఏ కోవలోకి వస్తుందో తెలియాలంటే ముందు జబ్బు ఎలా నడుస్తుందో తెలియాలి.

తొడుగు ఊడిన తీగ

మెదడు, వెన్నుపాము, కంటి నరాల్లోని పోగుల మీద మైలిన్ అనే కొవ్వు పొర చుట్టి ఉంటుంది. మోటారుకు వెళ్లే కరెంటు తీగ మీది ప్లాస్టిక్ తొడుగుతో దీన్ని పోల్చుతుంటారు. పోలిక చాలావరకు సరైనదే, కాకపోతే మైలిన్ తొడుగులా ఊరికే ఉండదు. సంకేతం వేగాన్ని ఎన్నో రెట్లు పెంచుతుంది. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో, అంటే ఎంఎస్‌లో, శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే ఈ పొరను శత్రువుగా భావించి దాడి చేస్తుంది. పొర ఊడిన చోట సంకేతం నెమ్మదిస్తుంది లేదా ఆగిపోతుంది. దాడి కంటి నరం మీద జరిగితే చూపు, వెన్నుపాములో జరిగితే కాళ్లు లేదా మూత్రం మీద పట్టు దెబ్బతింటాయి. దాడులు పదేపదే జరిగితే పొరతో పాటు లోపలి పోగు కూడా తెగిపోతుంది. తెగిన పోగు తిరిగి రాదు.

పారిస్‌లోని సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో పనిచేసిన జాఁ మార్తాఁ షార్కో 1868లో ఈ జబ్బుకు స్పష్టమైన రూపం ఇచ్చాడు. 2020 నాటి అంచనా ప్రకారం ప్రపంచంలో 28 లక్షల మందికి ఇది ఉంది. చాలామందిలో 20 నుంచి 40 ఏళ్ల మధ్య మొదలవుతుంది. మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. భారతదేశంలో ఇది చాలా అరుదని ఒకప్పుడు అనుకునేవారు. మంగళూరు నగరంలో జరిపి 2014లో ప్రచురించిన సర్వేలో లక్ష మందికి 8.35 మంది తేలారు. ఉత్తర ఐరోపాతో పోలిస్తే ఇది తక్కువే. కానీ పాఠ్యపుస్తకాలు చెప్పినంత తక్కువేమీ కాదు.

తానే తగ్గే జబ్బుతో చిక్కు

ఎంఎస్ ఉన్నవారిలో దాదాపు 85 శాతం మందికి మొదట్లో జబ్బు అలలుగా వస్తుంది. దాడి కొన్ని రోజుల్లో ముదురుతుంది, తర్వాత వారాల్లోనో నెలల్లోనో పూర్తిగానో సగమో తగ్గుతుంది. మళ్లీ దాడి ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. అది రెండు నెలలకే రావచ్చు, రెండేళ్లకూ రావచ్చు.

పథ్యాల గురించి వినిపించే అద్భుత కథలన్నిటికీ మూలం ఈ నడకలోనే ఉంది. మనిషి కొత్త మందు కోసం ఎప్పుడు వెతుకుతాడు? బాగా బాధలో ఉన్నప్పుడు. అప్పుడు మొదలుపెట్టినది ఏదైనా సరే, రసమైనా, ఉపవాసమైనా, తాయెత్తైనా, ఆరు వారాల తర్వాత పనిచేసినట్టే కనిపిస్తుంది. ఎందుకంటే ఆరు వారాల్లో జబ్బు తనంతట తానే తగ్గు ముఖం పట్టే అవకాశం ఎక్కువ. ఆ మనిషి అబద్ధం చెప్పడు. తనకు నిజంగానే తగ్గింది. తగ్గించింది ఏమిటన్న దగ్గరే పొరపాటు. మందుల పరీక్షల్లో ఉత్తుత్తి మాత్ర వేసుకున్న జట్టులో కూడా దాడులు అంతకు ముందుకంటే తగ్గడం శాస్త్రజ్ఞులు పదేపదే చూశారు. అందుకే ఎంఎస్‌లో ‘ముందు, తరువాత’ పోలికకు విలువ లేదు. ఒకే కాలంలో రెండు జట్లను పక్కపక్కన పెట్టి చూస్తేనే నిజం తెలుస్తుంది.

దీనికి తోడు, బయటికి లక్షణాలు కనిపించే ఒక్క దాడికి మెదడులో నిశ్శబ్దంగా ఐదు నుంచి పది కొత్త మచ్చలు ఏర్పడవచ్చని ఎంఆర్ఐ చిత్రాలు చూపించాయి. ‘ఏడాదిగా హాయిగా ఉన్నాను’ అనడం వేరు, జబ్బు ఆగడం వేరు.

ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. పథ్యం పనిచేస్తోందని నమ్మి మందు ఆపేసేవారు ఉంటారు. ఫింగోలిమోడ్, నటాలిజుమాబ్ వంటి మందులను హఠాత్తుగా ఆపితే, మందు మొదలుపెట్టక ముందుకంటే తీవ్రమైన దాడులు కొందరిలో వస్తాయని తేలింది. పథ్యం తప్పు చేయకపోయినా, దాని పేరు మీద జరిగిన పని నడకను తీసేయగలదు.

వెన్న తినే పల్లెలు, చేప తినే పల్లెలు

ఎంఎస్ పథ్యాల్లో అన్నిటికంటే పాతది, పేరున్నది రాయ్ స్వాంక్ అనే నరాల వైద్యుడిది. నార్వేలో పాడి మీద బతికే లోతట్టు పల్లెల్లో ఎంఎస్ ఎక్కువగా, చేపలు పట్టే తీరప్రాంతాల్లో తక్కువగా ఉందని 1952లో ఆయన బృందం ప్రచురించింది. వెన్న, మాంసంలోని సంతృప్త కొవ్వే దోషి అని ఆయన అనుమానించాడు. 144 మంది రోగులకు అలాంటి కొవ్వును బాగా తగ్గించిన ఆహారం సూచించి, 34 ఏళ్ల పాటు వెంబడించాడు. 1990లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. రోజుకు 20 గ్రాములకు మించకుండా కొవ్వు తిన్నవారిలో 31 శాతం మంది మరణిస్తే, అంతకంటే ఎక్కువ తిన్నవారిలో మరణాలు దాదాపు 80 శాతం.

చూడగానే కళ్లు చెదిరే అంకెలు. మరి డాక్టర్లందరూ ఆ పథ్యాన్నే ఎందుకు రాయడం లేదు? ఈ అధ్యయనంలో పోల్చడానికి వేరే జట్టు లేదు. పథ్యం పాటించినవారిని, పాటించనివారిని విడదీసింది రోగుల ప్రవర్తనే. జబ్బు నెమ్మదిగా ఉన్నవాడు వండుకోగలడు, కొలుచుకోగలడు, ముప్పై ఏళ్లు క్రమశిక్షణతో ఉండగలడు. జబ్బు ముదిరి మంచం పట్టినవాడు ఎవరు ఏది పెడితే అది తింటాడు. పథ్యం వల్ల ఆరోగ్యం నిలిచిందా, ఆరోగ్యం వల్ల పథ్యం నిలిచిందా అన్నది ఆ లెక్కల్లోంచి తేలదు. స్వాంక్ ఓపికను మాత్రం తక్కువ చేయలేం. ఒకే రోగులను 34 ఏళ్లు చూసిన వైద్యులు ఎంతమంది ఉంటారు?

ఇటీవలి కాలంలో ఎక్కువ ప్రచారం పొందినది టెర్రీ వాల్స్ పథ్యం. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో వైద్యురాలైన వాల్స్‌కు 2000లో ఎంఎస్ అని తేలింది. కొన్నేళ్లలో చక్రాల కుర్చీకి పరిమితమయ్యారు. ఆకుకూరలు, రంగు కూరగాయలు, మాంసం ఎక్కువగా ఉండి ధాన్యాలు, పప్పులు, పాలు లేని ఆహారానికి మారాక తిరిగి సైకిల్ తొక్కారు. కథలో తరచు వదిలేసే భాగం ఒకటుంది. ఆమె అదే కాలంలో కండరాలకు విద్యుత్ ప్రేరణ, వ్యాయామం కూడా చేశారు. 2021లో స్వాంక్, వాల్స్ పథ్యాలను పక్కపక్కన పెట్టి పోల్చిన పరీక్షలో 77 మంది 12 వారాలు పూర్తి చేశారు. రెండు జట్లలోనూ అలసట తగ్గింది. కానీ మామూలు తిండి తినే మూడో జట్టు అందులో లేదు. ఒక పథ్యంలో మాంసం తక్కువ, మరో పథ్యంలో ఎక్కువ. అయినా రెండూ ఒకేలా పనిచేశాయంటే, రెండింటిలోనూ ఉన్నదేమిటో ఆలోచించాలి. రెండూ వేపుళ్లు, మిఠాయిలు, ప్యాకెట్ తిండి మానిపించాయి, కూరగాయలు పెంచాయి.

సూరత్ ఇంటికి ఇందులోంచి తీసుకోదగింది చాలా మామూలు మాట. ఫర్సాణ్ అనే వేపుడు చిరుతిండ్లు, నెయ్యి కారే ఘారీ మిఠాయి, వనస్పతి తగ్గించడం మంచిది. బీపీ, షుగర్, గుండెజబ్బు తోడైన ఎంఎస్ రోగుల్లో నడక త్వరగా దెబ్బతింటుందన్నది పలు అధ్యయనాల్లో కనిపించింది. అన్నం, పప్పు మాత్రం మానక్కర్లేదు. శాకాహార కుటుంబంలో వాల్స్ పద్ధతి ప్రకారం ధాన్యం, పప్పు, పాలు మూడూ తీసేస్తే పళ్లెంలో మిగిలేది ఆకులే. మాంసకృత్తులు, కాల్షియం రెండూ పడిపోతాయి. ఎంఎస్ దాడులకు స్టెరాయిడ్లు వాడేవారికి, నడక తగ్గినవారికి ఎముకలు ముందే పలుచబడి ఉంటాయి. వారికి పాలు, రాగులు, నువ్వులు కావాలి.

చీకటి షెడ్డు, విటమిన్ డి

భూమధ్యరేఖకు దూరం వెళ్లేకొద్దీ ఎంఎస్ పెరుగుతుంది. ఎండ తగ్గడం, దానితో విటమిన్ డి తగ్గడం కారణం కావచ్చని చాలాకాలంగా అనుమానం. అమెరికా సైనికుల నుంచి ముందే సేకరించి ఉంచిన రక్త నమూనాలను 2006లో పరిశీలించినప్పుడు, తెల్లజాతి వారిలో విటమిన్ డి బాగా ఎక్కువగా ఉన్న వర్గానికి ఎంఎస్ వచ్చే అవకాశం 62 శాతం తక్కువగా కనిపించింది.

మరి ఎండ మండే భారతదేశంలో? ఇక్కడ ఒక చిత్రమైన ముడి ఉంది. మన దేశంలో విటమిన్ డి లోపం ఊరూరా ఉంది. మరమగ్గం షెడ్డులో పన్నెండు గంటల షిఫ్టు చేసే మనిషి ఎండ చూసేది ఎప్పుడు? అయినా ఎంఎస్ మాత్రం ఐరోపా కంటే తక్కువే. మరోవైపు సూరత్, నవ్‌సారి పారసీకుల పాత స్థావరాలు. వారి బంధువులే ముంబైలోనూ స్థిరపడ్డారు. ముంబై పారసీకుల్లో 1980ల చివర చేసిన సర్వేల్లో ఎంఎస్ లక్షకు 20కి పైగా కనిపించింది. అదే ఎండ, అదే సముద్రతీరం, జబ్బు మాత్రం చుట్టుపక్కల వారికంటే ఎక్కువ. జన్యువుల పాత్రను ఇంతకంటే తేటగా చూపే ఉదాహరణ మన దేశంలో దొరకదు. మూడో కారణం ఒక వైరస్. అమెరికా సైన్యంలోని కోటి మందికి పైగా సిబ్బంది రికార్డులను శోధించిన 2022 నాటి అధ్యయనంలో, ఎప్‌స్టైన్ బార్ వైరస్ సోకాక ఎంఎస్ వచ్చే అవకాశం 32 రెట్లు పెరిగినట్టు తేలింది. కాబట్టి ఎండ కథలో ఒక పాత్ర మాత్రమే.

జబ్బు వచ్చాక విటమిన్ డి మాత్రలు వేస్తే తగ్గుతుందా అన్నది వేరే ప్రశ్న. గ్లాటిరామర్ అనే మందు వాడేవారికి రోజుకు 5,000 యూనిట్లు, 600 యూనిట్లు ఇచ్చి పోల్చిన అమెరికా పరీక్షలో దాడుల్లో తేడా రాలేదు. ఆ ఫలితం 2023లో వచ్చింది. 2025లో వెలువడిన ఫ్రాన్స్ పరీక్ష మరోలా చెప్పింది. ఎంఎస్ తొలి లక్షణం కనిపించి ఇంకా వేరే మందు మొదలుపెట్టనివారికి రెండు వారాలకోసారి లక్ష యూనిట్లు ఇచ్చారు. రెండేళ్లలో 60.3 శాతం మందిలో జబ్బు చురుకుదనం కనిపించింది. ఉత్తుత్తి మందు జట్టులో 74.1 శాతం. తేడా ముఖ్యంగా ఎంఆర్ఐ మచ్చల్లో వచ్చింది. దాడుల సంఖ్యలో మాత్రం గట్టి తేడా లేదు. ఆశ కలిగించే ఫలితమే. కానీ విటమిన్ వేసుకున్న పదిమందిలో ఆరుగురికి జబ్బు కదులుతూనే ఉందన్నది కూడా అదే పట్టికలో రాసి ఉంది.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం పెద్దలకు రోజుకు 600 యూనిట్ల విటమిన్ డి చాలు. డాక్టరు పర్యవేక్షణ లేకుండా 4,000 దాటకూడదు. ‘ఎంత ఎక్కువైతే అంత మంచిది’ అని రోజూ వేలకు వేల యూనిట్లు మింగితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి. రక్తపరీక్ష చేయించుకుని లోపం ఉంటే సరిచేసుకోవడం, మళ్లీ పరీక్షించడం, అంతే.

ఇంకో విటమిన్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. బి12 లోపం కూడా వెన్నుపాములోని మైలిన్‌ను దెబ్బతీస్తుంది. తిమ్మిరి, తూలుడు అచ్చం ఎంఎస్‌లాగే ఉంటాయి. మాంసం, గుడ్డు ముట్టని ఇళ్లు ఎక్కువగా ఉన్న గుజరాత్‌లో ఈ పరీక్ష తప్పనిసరి. లోపమే కారణమైతే ఇంజెక్షన్లతో జబ్బే నయమవుతుంది. ‘పథ్యంతో ఎంఎస్ నయమైంది’ అన్న కథల్లో కొన్ని నిజానికి ఎంఎస్ కానివే అయి ఉండవచ్చు.

‘ఇమ్యూనిటీ’ పెంచితే ఏమవుతుంది?

కోవిడ్ తర్వాత రోగనిరోధక శక్తి పెంచుతామనే పొడులు, రసాలు ప్రతి కొట్టులోనూ దొరుకుతున్నాయి. ఎంఎస్ రోగి వాటి ముందు ఒక్క క్షణం ఆగాలి. ఈ జబ్బులో నిరోధక వ్యవస్థ బలహీనపడలేదు. దారి తప్పి దూకుడుగా ఉంది. డాక్టర్లు ఇచ్చే మందులన్నీ ఆ దూకుడును తగ్గించేవే. ఒక చేత్తో తగ్గించి, మరో చేత్తో పెంచే పొడి మింగడం ఒకే బండికి రెండు వైపులా ఎద్దులు కట్టినట్టే.

తిప్పతీగ సంగతి చూద్దాం. 2021లో ముంబై వైద్యులు తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిన్న ఆరుగురి వివరాలు ప్రచురించారు. మరుసటి ఏడాది హైదరాబాద్ వైద్యుల ఆధ్వర్యంలో దేశంలోని 13 ఆసుపత్రుల నుంచి 43 మంది రోగుల వివరాలు వచ్చాయి. చాలామందిలో కాలేయం మీద స్వయంగా శరీరమే దాడి చేసిన లక్షణాలు కనిపించాయి. ఆయుష్ మంత్రిత్వ శాఖ దీన్ని అంగీకరించలేదు. తిప్పతీగను పోలిన వేరే తీగ కలిసి ఉండవచ్చని చెప్పింది. ఆ వాదం నిజమే అనుకున్నా రోగికి వచ్చే లాభమేమీ లేదు. సీసాలో ఏ తీగ ఉందో కొనేవాడికి తెలియదు కదా. స్వీయ నిరోధక జబ్బు ముందే ఉన్నవారు, ఎంఎస్ మందుల కోసం ఎలాగూ కాలేయ పరీక్షలు చేయించుకునేవారు దీనికి దూరంగా ఉండటమే క్షేమం. అశ్వగంధ గుళికల విషయంలోనూ కాలేయం, థైరాయిడ్ సమస్యలు నమోదయ్యాయి.

కూరలో పసుపు వేసుకోవడానికి ఏ అభ్యంతరమూ లేదు. పసుపులోని కర్క్యుమిన్ ఎలుకల్లో బాగా పనిచేసింది. మనిషి పేగు మాత్రం దాన్ని సరిగా పీల్చుకోదు. రోగుల్లో జరిగిన చిన్న పరీక్షలు నమ్మకం కలిగించే ఫలితం ఇవ్వలేదు. చేపనూనె గుళికలను నార్వేలోనే 92 మంది మీద పరీక్షించారు. 2012లో ఫలితం వచ్చింది, లాభం కనిపించలేదు. జుట్టు కోసం వాడే బయోటిన్‌ను పెద్ద మోతాదులో ఇచ్చి చూసిన అంతర్జాతీయ పరీక్ష 2020లో విఫలమైంది. పైగా అది రక్తపరీక్షలను తప్పుదోవ పట్టిస్తుంది. థైరాయిడ్ లేకున్నా ఉన్నట్టు, గుండెపోటు ఉన్నా లేనట్టు చూపించగలదు.

కీటకం మీది బూజు

సహజమైనది ఏదీ పనిచేయలేదా అంటే, చేసింది. చైనా సంప్రదాయ వైద్యంలో కీచురాయి జాతి పురుగు పిల్లల మీద పెరిగే ఒక బూజును వాడేవారు. ఆ కుటుంబానికి చెందిన ఒక బూజు నుంచి జపాన్ శాస్త్రజ్ఞుడు తెత్సురో ఫుజితా బృందం నిరోధక వ్యవస్థను అణిచే పదార్థాన్ని వేరుచేసింది. అది అలాగే వాడితే విషం. దాని నిర్మాణాన్ని మార్చి, వేల మంది రోగుల్లో పరీక్షించి తయారైనదే ఫింగోలిమోడ్. 2010 సెప్టెంబరులో అమెరికాలో అనుమతి పొందిన, ఎంఎస్‌కు నోటి ద్వారా వేసుకునే తొలి మందు. మొదటి మాత్ర వేసుకున్నాక గుండె వేగం తగ్గే ప్రమాదం ఉంది కాబట్టి కొన్ని గంటలు పరిశీలనలో ఉంచుతారు. ప్రకృతి నుంచి వచ్చినంత మాత్రాన మెత్తనిది కాదని దీనికంటే బాగా చెప్పేది మరొకటి లేదు.

ఖరీదు పెద్ద అడ్డంకి అని ఒప్పుకోవాలి. మందు కొనలేకే చాలామంది పథ్యం వైపు చూస్తారు. ఈ విషయంలో హైదరాబాద్ కంపెనీల పాత్ర చెప్పుకోదగ్గది. డాక్టర్ రెడ్డీస్ 2007లోనే రిటుక్సిమాబ్‌కు చవక రూపం తెచ్చింది. అది క్యాన్సర్ కోసం వచ్చినా మన నరాల వైద్యులు ఎంఎస్‌లోనూ వాడుతున్నారు. నాట్కో తయారుచేసిన గ్లాటిరామర్‌కు 2017లో అమెరికా అనుమతి కూడా లభించింది. ‘మందు మనకు అందదు’ అని నిర్ణయించుకునే ముందు జనరిక్ రూపాల గురించి డాక్టరును అడగాలి.

జొన్న గింజ, పేగులోని సూక్ష్మజీవులు

ఆహారం గురించి ప్రస్తుతం ఆసక్తికరమైన పరిశోధన పేగుల్లో జరుగుతోంది. మనం అరిగించుకోలేని పీచును పేగులోని బ్యాక్టీరియా పులియబెట్టి ప్రొపియోనేట్ వంటి చిన్న కొవ్వు ఆమ్లాలుగా మారుస్తుంది. ఇవి నిరోధక వ్యవస్థలో కళ్లెం వేసే కణాలను పెంచుతాయి. జర్మనీలోని బోఖుమ్ పరిశోధకులు 2020లో ఎంఎస్ రోగుల్లో ఈ ఆమ్లం తక్కువగా ఉందని, దాన్ని మందులతో పాటు ఇస్తే రెండు వారాల్లో ఆ కళ్లెం కణాలు పెరిగాయని చూపించారు. అయితే అది చీటీలు వేసి జట్లుగా విడదీసిన పరీక్ష కాదు. అయోవాలో అశుతోష్ మంగళం బృందం అమెరికా రోగుల పేగుల్లో ప్రెవోటెల్లా అనే బ్యాక్టీరియా తగ్గి ఉందని గమనించింది. జొన్న, పప్పు, కూరగాయలు ఎక్కువగా తినే భారతీయుల పేగుల్లో ఇదే ఎక్కువగా ఉంటుంది.

దీనర్థం జొన్నరొట్టె ఎంఎస్‌ను ఆపుతుందని కాదు. అలా చెప్పే ఆధారం ఎవరి దగ్గరా లేదు. కానీ ఖర్చు లేనిది, హాని లేనిది, మలబద్ధకానికి ఎలాగూ కావలసినది అయినప్పుడు అనుమానం ఎందుకు? ఎంఎస్ రోగుల్లో మలబద్ధకం చాలా మామూలు. చలికాలంలో సూరత్‌లో దొరికే పోంక్, మన దగ్గర ఊచబియ్యం అనే లేత జొన్న గింజలే. దానితో ఇచ్చే కారప్పూస కాస్త తగ్గించుకుంటే చాలు. అంబలి, రాగి సంకటి, ఆకుకూర పప్పు, తోటకూర, దేనినీ కొత్తగా నేర్చుకోనక్కర్లేదు.

నీళ్ల విషయంలో మాత్రం ఒక జాగ్రత్త. మూత్రం ఆపుకోలేని ఇబ్బంది ఉన్నవారు షిఫ్టులో మాటిమాటికీ వెళ్లలేక నీళ్లే మానేస్తారు. దానివల్ల మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుంది, జ్వరం వస్తుంది, పాత లక్షణాలన్నీ తిరిగి లేస్తాయి. కొత్త దాడి వచ్చిందని స్టెరాయిడ్ కోసం పరుగెత్తే ముందు మూత్ర పరీక్ష చేయించాలి.

వేడి, పొగ, నిద్ర

జర్మన్ నేత్రవైద్యుడు ఊట్‌హోఫ్ 1890లో ఒక సంగతి గమనించాడు. కొందరు రోగులకు శ్రమపడి ఒళ్లు వేడెక్కినప్పుడు చూపు మసకబారి, చల్లబడ్డాక తిరిగి వచ్చేది. మైలిన్ ఊడిన పోగులో శరీర ఉష్ణోగ్రత అర డిగ్రీ పెరిగినా సంకేతం ఆగిపోవచ్చు. ఎంఆర్ఐ లేని రోజుల్లో రోగిని వేడినీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి జబ్బును గుర్తించేవారు కూడా. సూరత్ మే నెల ఉక్కపోత, దానికి తోడు మగ్గాల షెడ్డు వేడి, ఈ రెండూ కలిస్తే కాళ్లు బరువెక్కడం సహజం. ఇది కొత్త నష్టం కాదు, చల్లబడితే పోతుంది. మెడ మీద తడి తువ్వాలు, చల్లని మజ్జిగ, పొద్దున్నే నడక, ఇవి చిన్న విషయాలు కావు. విటమిన్ డి కోసం మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడమనే సలహా ఎంఎస్ రోగికి నప్పకపోవడానికీ కారణం ఇదే. వారికి మాత్ర మేలు.

వ్యాయామం అలసటను తగ్గిస్తుందన్న ఆధారం ఏ పథ్యానికీ లేనంత గట్టిది. అమెరికాలో 69 మంది మీద జరిగి 2004లో వెలువడిన పరీక్షలో అయ్యంగార్ యోగా చేసినవారికి, సైకిల్ వ్యాయామం చేసినవారికి దాదాపు సమానంగా అలసట తగ్గింది. ఏదీ చేయనివారికి తగ్గలేదు.

పొగ గురించి సందేహానికి తావే లేదు. స్వీడన్ రోగుల లెక్కల్లో, జబ్బు తేలాక కూడా పొగ తాగుతూ పోయిన ప్రతి ఏడాదికీ జబ్బు ముదిరే దశ 4.7 శాతం చొప్పున ముందుకు జరిగింది. సిగరెట్ మానిన మనిషికి దొరికేంత లాభం ఏ రసం సీసాలోనూ లేదు. ఇరవై ఏళ్లలోపే రాత్రి షిఫ్టులు చేసినవారిలో ఎంఎస్ ఎక్కువగా ఉందని కూడా స్వీడన్‌లోనే 2011లో తేలింది. సూరత్ మగ్గాల మీద పదహారేళ్ల కుర్రాళ్లు రాత్రులు నిలబడటం గురించి ఆలోచించేవారు ఈ అంకెను కూడా చూడాలి.

డాక్టరుకు చూపించవలసిన సంచి

ఎంఎస్ అని రాసిన ప్రతి చీటీ ఎంఎస్ కాకపోవచ్చు. దాన్ని పోలిన న్యూరోమైలైటిస్ ఆప్టికా మన దేశంలోనూ ఉంది. అది ఉన్నవారికి ఇంటర్‌ఫెరాన్, ఫింగోలిమోడ్ వంటి ఎంఎస్ మందులు హాని చేస్తాయి. అందుకే అక్వాపోరిన్ యాంటీబాడీ పరీక్ష జరిగిందో లేదో అడిగి తెలుసుకోవాలి.

పథ్యం మొదలుపెట్టినా, పొడి కొన్నా, ఉపవాసం చేసినా డాక్టరుకు చెప్పాలి. వైద్యులు కోప్పడతారని చాలామంది దాస్తారు. కాలేయ పరీక్షలో అంకె పెరిగినప్పుడు అది ఎంఎస్ మందు వల్లా, రసం వల్లా అని తేల్చలేక మంచి మందును ఆపవలసి వస్తుంది. సూరత్‌లో దీనికి భాష కూడా అడ్డం వస్తుంది. తెలుగులో తిప్పతీగ అన్నది అక్కడి గుజరాతీలో ‘గళో’, హిందీలో ‘గిలోయ్’. మనం పెన్నేరు గడ్డ అంటే అక్కడి వైద్యుడికి అర్థం కాదు, అశ్వగంధ అంటేనే తెలుస్తుంది. పేరు చెప్పడం కంటే సీసాలు, పొట్లాలు, డబ్బాలు అన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకువెళ్లి బల్ల మీద పెట్టడం మేలు. పేరులేని పొట్లం ఉంటే, ముందుగా మానేయవలసింది అదే.